బోదకాలు కథలో మరచిన కండరం

మచిలీపట్నం, గుడివాడ మురుగు కాలువల్లో బోదకాలు పురుగును మోసే క్యూలెక్స్ దోమకు కొదవలేదు. కృష్ణా జిల్లా ఎన్నాళ్లనుంచో బోదకాలు జిల్లాల లెక్కలోనే ఉంది. ఈ జబ్బు చరిత్ర అందరికీ తెలిసిందే: సుశ్రుతుడి శ్లీపదం, 1872లో కలకత్తాలో మనిషి రక్తంలో పిల్ల పురుగుల్ని చూసిన లూయిస్, 1877లో దోమ పాత్ర కనిపెట్టిన మాన్సన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1947లో అమెరికాలో వెలువరించిన డీఈసీ మందు. ఇంతవరకు పేచీ లేదు.

కాలు ఎందుకు వాస్తుందన్న చోటే పేచీ. పురుగులు శోషరస నాళాలకు అడ్డుపడితే నీరు నిలుస్తుందని పాఠం చెబుతుంది. అందులో నాళం గోడ ఊసే లేదు. శోషరసాన్ని నడిపే గుండె వేరే లేదు. ముఖ్యంగా గోడలోని నునుపు కండరమే ఆగి ఆగి ముడుచుకుంటూ, కవాటాల సాయంతో దాన్ని పైకి తోస్తుంది. 1990లలో బ్రెజిల్‌లోని రెసీఫెలో అల్ట్రాసౌండ్ వేసి చూస్తే, బాగా వెడల్పయిన నాళాల్లో పురుగులు బతికి కదులుతున్నాయి. బయటికి ఏ జబ్బూ కనిపించని మనుషుల్లోనూ అంతే. రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు బోదకాలు పురుగుకు దగ్గరి జాతి పురుగును ఎక్కిస్తే వాటి నాళాలూ సాగాయి. అంటే గోడ సాగడానికి పురుగు ఉండటమే చాలు. గోడ సాగితే కవాటాల రెక్కలు కలవవు, కండరానికి పట్టు తప్పుతుంది. అడ్డంకి అసలే లేదనను. చచ్చిన పురుగు చుట్టూ నాళం మూసుకుపోవడమూ ఉంది. కానీ అది తర్వాతి మాట.

పోలికకు మరో పురుగును చూడండి: సరిగా ఉడకని పంది మాంసంతో వచ్చే ట్రైకినెల్లా కండర కణంలోకే దూరి, దాని తంతువుల్ని చెరిపి తన పోషక కణంగా మార్చుకుంటుంది. మన పురుగుకు అంత పని లేదు, నాళంలో ఉంటూనే గోడను వదులు చేస్తుంది.

1955 నాటి జాతీయ ఫైలేరియా కార్యక్రమం చాలాకాలం పట్టణాల చుట్టూనే తిరిగింది. పల్లెలకు సామూహిక డీఈసీ మాత్రలు విస్తృతంగా అందడం 2004 తర్వాతే. ఇప్పుడు 2027కల్లా నిర్మూలన అంటున్నారు. కొత్తగా జబ్బు సోకడం ఆగవచ్చు. మాత్ర సాధించిన మేలు నేను కాదనను. అయితే ముదిరిన జబ్బులో సడలిన గోడను డీఈసీ ఒక్కటే తిరిగి బిగించలేదు. వాచిన కాలికి మాటిమాటికి వచ్చే జ్వరం చాలావరకు వేళ్ల సందుల పుళ్లలోంచి దూరే బాక్టీరియా పని. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, పుండుకు మందు రాస్తే ఆ జ్వరాలు తగ్గుతాయి. దివిసీమ వరిచేలలో బురదలో నిలబడే కూలీకి ఈ సంరక్షణ రోజూ కావాలి. కార్యక్రమం మాత్రం ఏడాదికోసారి మాత్ర మింగించడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టింది.