వయోవివక్షా నిషేధ శాసనము (1975)

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కేంద్రప్రభుత్వ ద్రవ్యసహాయమును పొందు పాఠశాలలు, వైద్యశాలలు, సంక్షేమ సంస్థలు మొదలగునవి వయస్సును కారణముగాఁ జూపి యెవ్వరిని గాని తమ కార్యక్రమములకు దూరము చేయరాదని విధించు శాసనము. 1965 నాఁటి వృద్ధసంక్షేమ శాసనమునకు గావింపఁబడిన సవరణలలో నొక భాగముగా, జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుఁడై యుండఁగా, 1975 నవంబరులో నిది వెలసెను.

ఉద్యోగములయందలి వయోవివక్షను వారించు 1967 నాఁటి శాసనము 40 ఏండ్లు నిండినవారికే రక్షణ నొసఁగుచుండఁగా, ఇది యే వయఃపరిమితియు లేక బాలురకును వృద్ధులకును సమముగా వర్తించును. అయినను ఉద్యోగవిషయములు చాలవఱకు దీని పరిధిలోనికి రావు. చట్టసభలు శాసనముచే నేర్పఱచిన వయోనియమములును, కార్యక్రమముయొక్క సహజనిర్వహణమునకు ఆవశ్యకములైన భేదములును, వయస్సుతో నిమిత్తము లేని సహేతుక కారణములపై నాధారపడిన భేదములును నిషేధమునకు లోఁబడవు. మూలశాసనము అసమంజసమైన వివక్షను మాత్రమే నిషేధింపఁగా, పౌరహక్కుల సంఘము జరిపిన పరిశోధనానంతరము 1978లో ఆ పరిమితి తొలఁగింపఁబడెను.

బాధితుఁడు ద్రవ్యమొసఁగిన ప్రభుత్వశాఖకు ఫిర్యాదు చేసికొనఁగా, మొదట మధ్యవర్తుల మూలమున రాజీకి యత్నము జరుగును. 180 దినములలో నిర్ణయము వెలువడనిచో నతఁడు న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. దోషము రుజువై, సంస్థ స్వచ్ఛందముగా దానిని దిద్దుకొననిచో, ద్రవ్యసహాయమును నిలిపివేయుటయే ప్రధానమైన శిక్ష. సంస్థలో నొక్క విభాగమునకు సహాయము లభించినను సామాన్యముగా సంస్థ యంతయు శాసనబద్ధమగునట్లు 1988లో దీని పరిధి విస్తరింపఁబడెను.