అధికారపు కుర్చీ – న్యాయస్థానపు బోను

మా పామర్రు సెంటరులో బందరు బస్సు కోసమో గుడివాడ బస్సు కోసమో పది నిమిషాలు నిలబడితే చాలు, రాజకీయం చెవిన పడకుండా ఉండదు. పక్కనే ఉన్న నిమ్మకూరు ఒక ముఖ్యమంత్రిని కన్న ఊరు. అందుచేత మా వైపు వారికి కుర్చీ సంగతులు ఇంటి సంగతుల్లాంటివే. ఆ కబుర్లలో మేము రెండు మాటలు తరచుగా వింటూ ఉంటాము. ఒకటి, "పెద్దవాళ్ల మీద కేసులు నిలుస్తాయటండీ?" అనేది. రెండవది, "మనవాడు గనుకనే కేసు పెట్టారు" అనేది. ఈ రెండు మాటల్లో నిజమెంతో చరిత్రను అడిగి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాము.

హజ్రత్ అలీ (రజి) కవచం కథ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసినదే. ఖలీఫా అంతటివారు తన కవచం కోసం సామాన్యుని వలె ఖాజీ ముందు నిలబడ్డారని, తండ్రి పక్షాన కొడుకు సాక్ష్యం చెల్లదని ఖాజీ షురైహ్ తీర్పు చెప్పారని పెద్దలు చెబుతారు. పాలకుడు కూడా చట్టానికి లోబడినవాడే అన్న నీతి మనకు కొత్తది కాదు. అయితే అది మన దేశపు కోర్టులలో ఎంతవరకు నడిచింది?

1964 సంగతి చూడండి. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకం వచ్చింది. రాజకీయ కక్షతోనే ముఖ్యమంత్రి తమ రూట్లను ముందుగా తీసుకున్నారని ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు స్వయంగా అఫిడవిట్టు వేయలేదు. కోర్టు దానిని గమనించి పథకాన్ని కొట్టివేసింది. ఆయన రాజీనామా చేశారు. అది క్రిమినల్ కేసు కాదు, జైలు మాట లేదు. అయినా కోర్టు అన్న మాటకు ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిన రోజది. ఆయనే 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు.

ఇక "మనవాడు" అన్న మాట. మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన ఎ.ఆర్. అంతులేగారు మన మతస్థులే. సిమెంటు కేటాయింపులకు బదులుగా ట్రస్టులకు విరాళాలు తీసుకున్నారన్న వివాదంలో బొంబాయి హైకోర్టు తీర్పు రాగా, 1982 జనవరిలో ఆయన పదవి వదిలారు. ఆయన మీద క్రిమినల్ ఫిర్యాదు వేసింది పోలీసులు కాదు, రాందాస్ నాయక్ అనే ప్రతిపక్ష నాయకుడు. 1984 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చింది. అవినీతి నేరం మీద ప్రత్యేక కోర్టులో ఏ పౌరుడైనా ఫిర్యాదు చేయవచ్చును. పదవి దిగిపోయినవాని విచారణకు, ఆ పదవి పేరిట ముందస్తు అనుమతి అక్కరలేదు. (ఈ రెండవ సంగతిని 2018లో చట్టం మార్చివేసింది.) అయితే అదే కేసులో 1988లో ఏడుగురు న్యాయమూర్తులు, విచారణను హైకోర్టుకు మార్చిన తమ కోర్టు ఉత్తర్వే తప్పని దిద్దుకున్నారు. అంటే ముద్దాయి హక్కుకూ విలువ ఉన్నదన్నమాట. ఆయనే 2006లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు తొలి మంత్రి అయ్యారు.

తెలుగువారిలో తొలి ప్రధాని పి.వి. నరసింహారావుగారి కేసు ఇంకా పెద్దది. 1993 జూలైలో ఆయన ప్రభుత్వం 265 ఓట్లకు 251తో అవిశ్వాసం నుంచి గట్టెక్కింది. కొందరు ఎం.పి.లకు డబ్బిచ్చి ఓట్లు కొన్నారని ఆరోపణ. 1998 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో, డబ్బు తీసుకుని సభలో ఓటు వేసినవారికి రాజ్యాంగపు 105వ అధికరణం కింద రక్షణ ఉన్నదని, ఇచ్చినవారికి లేదని చెప్పింది. ఇదెక్కడి న్యాయమని సామాన్యులు ముక్కున వేలేసుకున్నారు. 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక కోర్టు పి.వి.గారిని దోషి అన్నది, తర్వాత మూడేళ్ల శిక్ష వేసింది. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ 1998 తీర్పు మాత్రం నిలవలేదు. లంచం తీసుకున్న శాసనసభ్యునికి రక్షణ లేదని 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఇరవయ్యారేళ్లు పట్టినా తప్పు దిద్దబడింది.

ఆలస్యం వల్ల నలిగేదెవరో తెలియాలంటే గోదావరి దాటి వెంకటాయపాలెం వెళ్లాలి. 1996 డిసెంబరు 29న అక్కడ దళిత యువకులను హింసించి, ఇద్దరికి శిరోముండనం చేశారు. ముద్దాయిలలో అప్పటి రామచంద్రపురం శాసనసభ్యుడు తోట త్రిమూర్తులు ఒకరు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు ఆయనకు 18 నెలల శిక్ష వేసినది 2024 ఏప్రిల్ 16న. అప్పటికి ఆయన శాసనమండలి సభ్యులు. అప్పీలు హక్కు ఆయనకు చట్టమిచ్చినదే. కాని 27 ఏళ్లలో సాక్షులు కొందరు కాలం చేశారు. మిగిలినవారు వాయిదాకల్లా కూలి పోగొట్టుకుని, బెదరకుండా నిలబడబట్టే ఆ తీర్పైనా వచ్చింది.

అరెస్టు వేరు, తీర్పు వేరు. 2012 మే 27న జగన్మోహనరెడ్డిగారు, 2023 సెప్టెంబరు 9న చంద్రబాబునాయుడుగారు అరెస్టయ్యారు. ఒకనాడు బాధపడ్డవారు ఇంకొకనాడు సంతోషించడం మా సెంటరులోనే చూశాము. ఆ తర్వాత ఎన్నికలలో గెలిచి ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. ప్రజల ఓటు కుర్చీని ఇవ్వగలదేగాని, నేరం చేశారో లేదో చెప్పలేదు. అది సాక్ష్యం చూసి కోర్టు చెప్పవలసిన మాట.

కనుక "కేసులు నిలవవు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఫిర్యాదు చేసినవాడు, సాక్షి నిలబడితే కేసూ నిలుస్తుంది. "మనవాడు" అన్న మాట అంతకన్నా ప్రమాదం. మనవాడైతే మౌనం, పరాయివాడైతే కేకలు అన్న సంఘానికి, రేపు తన బిడ్డకు అన్యాయం జరిగిననాడు మాట్లాడే నోరుండదు.

మన సంఘం చేయగల పని చిన్నదే, కాని కావలసినది. మనలో గాని, మన పక్క పేటలో గాని ఎవరైనా పెద్దవాని మీద సాక్ష్యం చెప్పవలసి వస్తే, "ఎందుకొచ్చిన గొడవ, రాజీ పడు" అనకుండా, వాయిదా రోజున ఒకరం తోడు బస్సెక్కుదాము. కాగితాలు చదవలేనివారికి చదివి పెడదాము. కోర్టు వరండాలో ఒంటరిగా కూర్చున్న సాక్షికి పక్కన ఒక మనిషి ఉంటే, ఆ ధైర్యమే వేరు.