చంద్రమతి వేషము

నల్లమల పాదమున నున్న మా అర్ధవీడు ప్రాంతము, 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనిది. అందుచేత రంగమెక్కిన గాయనీమణుల చరిత్ర చెప్పవలెనన్న, మేము ఒకవైపు బళ్ళారిని, మరియొకవైపు కడపసీమలోని సురభిని తలచక తప్పదు.

హరిశ్చంద్ర నాటకములోని చంద్రమతి వేషమునందలి కష్టమును నేటివారు సులభముగ ఊహింపజాలరు. మైకు లేని కాలమున, పెట్రోమాక్సు దీపముల వెలుతురులో, కడపటి వరుసలో గోనెపట్టా పరచుకొని కూర్చున్నవానికి సైతము పద్యములోని ప్రతి పదము విడివిడిగ వినబడవలెను. లోహితాస్యుని శవముపై పడి విలపించుచునే హార్మోనియము శ్రుతి తప్పక పద్యాంతమున రాగము తీయవలెను. ‘వన్సుమోర్’ అని కేకలు లేచినచో ఆ విలాపమునే మరల మొదటినుండి యెత్తుకొనవలెను.

ఇంత శ్రమించిన స్త్రీకి రంగముపై లభించిన గౌరవము వీధిలో లభింపలేదు. స్థానం నరసింహారావు సత్యభామగా నటించిన లోకము జేజేలు పలికినది, 1956లో ప్రభుత్వము పద్మశ్రీ నొసగినది. ఆ మహానటుడు దానికి సర్వథా అర్హుడే. కాని అదే వేషమును స్త్రీ ధరించిన ఆమె శీలమును శంకించిరి. నటుడు బళ్ళారి రాఘవ ఈ యన్యాయమును సహింపక, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను.

సురభివారి మార్గము వేరు. తరతరములుగ తోలుబొమ్మలాడించిన ఆ కుటుంబములలో స్త్రీలు తెరవెనుక నిలిచి సీతకును ద్రౌపదికిని గొంతు నిచ్చుచుండిరి. 1885లో సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శించి సురభి నాటకసమాజమునకు అంకురార్పణ చేసిన వనారస గోవిందరావు, అనంతరము తమ యింటి యాడువారినే రంగముపైకి తెచ్చెను. తెరవెనుకనున్న కంఠము తెర ముందునకు వచ్చినది. నా దృష్టిలో తెలుగు రంగస్థల చరిత్రమున ఇంతకు మించిన ఘట్టము లేదు. భర్త రాజు, అత్త చెలికత్తె, బిడ్డ లోహితాస్యుడు అయినచోట నింద వేయుటకు లోకమునకు తావెక్కడిది?

దమయంతి వేషములో నుండగనే సురభి కుటుంబపు ఇల్లాలు ఒకామెకు నొప్పులు వచ్చి, రంగముమీదనే ఒక యాడుబిడ్డను ప్రసవించెనని చెప్పుదురు. ఆ బిడ్డయే సురభి కమలాబాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగ నటించి, పాడినది.