బమ్మెర గృహస్థు

2016 అక్టోబరు 11న జిల్లాల హద్దులు మారినప్పుడు పాత వరంగల్‌లోని బమ్మెర జనగామ జిల్లాకు, కురవి మహబూబాబాద్ జిల్లాకు వచ్చాయి. పాత కరీంనగర్‌లోని కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలో కలిసింది. ఇవన్నీ పరిపాలన కోసం గీసుకున్న గీతలు. పదిహేనో శతాబ్దంలో బమ్మెర పోతన సంసారం చేసిన నాటికి ఈ నేలకు ఇలాంటి గీతలు లేవు. చెరువుల కింద వరి, మెరకన చెలకలు, గుట్టల మీద శివాలయాలు, ఉత్తరాన గోదావరి. పోతన భక్తి ఎలాంటిదో తెలియాలంటే భాగవతంతో పాటు ఈ నేలను కూడా చూడాలి.

పోతన మావాడంటే మావాడని ఓరుగల్లు, కడప జిల్లా ఒంటిమిట్ట చాలాకాలం వాదులాడుకున్నాయి. ఏకశిలానగరం అన్న పేరు రెంటికీ సరిపోవడమే ఆ తగువుకు మూలం. నా మట్టుకు ఇంటిపేరే పెద్ద సాక్ష్యం. అది కవికి తరవాత ఎవరో తగిలించిన పేరు కాదు. భాగవత పీఠికలో తల్లి గురించి చెప్పిన పద్యంలో ఆయనే ఆమెను బమ్మెర కేసయ ఇల్లాలు లక్కసానిగా పేర్కొన్నాడు. ఆ పేరున్న ఊరు ఇవాళ పాలకుర్తి మండలంలో ఉంది. పోతన సమాధి అని ఊరివాళ్లు చూపే చోటూ అక్కడే ఉంది.

ఆ తల్లి పద్యం దగ్గర కాసేపు ఆగాలి. పీఠికలో వంశం చెప్పుకోవడం మన కావ్యాల్లో ఆనవాయితీ. కౌండిన్య గోత్రం, ఆపస్తంబ సూత్రం, తాతముత్తాతల పేర్లు, తండ్రి కేసన, అన్న తిప్పన, అన్నీ వరసగా వస్తాయి. లక్కమాంబ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పద్యం నడక మారిపోతుంది. దిగులుతో వచ్చిన బీదవాణ్ణి మన్నించి ఆ దిగులు పోగొట్టే మనిషిగా, సదాశివుని పాదపూజ విడువని భక్తురాలిగా, జాలి తెలిసిన మాటకారిగా ఆమెను మన ముందు నిలబెడతాడు. బీదవాడికి అన్నం పెట్టడం ఒకటి, అతని మనసులోని కుంగుబాటును గౌరవంతో తీర్చడం ఇంకొకటి. కొడుకు చూసింది ఈ రెండోదాన్ని. భక్తి అనే మాటకు పోతన నేర్చుకున్న మొదటి అర్థం గుడిలో కంటే ముందు ఈ ఇంట్లోనే దొరికిందని నేను నమ్ముతాను.

ఆ ఇల్లు శైవుల ఇల్లు. చుట్టూ ఉన్న గాలి కూడా శైవమే. అదే మండలంలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. బసవ పురాణాన్ని, పండితారాధ్య చరిత్రను ద్విపదలో రాసి వీరశైవాన్ని జనం నోటికి అందించినవాడు సోమనాథుడు. ఆయన పట్టుదల గట్టిది, శివుడు తప్ప మరో దైవం లేడన్నది ఆయన మతం. ఇటు కురవిలో వీరభద్రస్వామి క్షేత్రం ఉంది. తెలుగు వచనం కనిపించే తొలినాటి శాసనాల్లో ఒకటైన కొరవి శాసనం ఆ ఊరిదే. శివరాత్రికి ఇప్పటికీ అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. వీరభద్రుడు దేవుడై వెలసిన ఇలాంటి సీమలో పెరిగిన యువకుడు తన గురువు ఇవటూరి సోమనాథుడి కోరికపై మొదట రాసిన కావ్యం వీరభద్ర విజయం కావడంలో వింతేమీ లేదు. శివుణ్ణి అవమానించిన దక్షుడి యజ్ఞాన్ని వీరభద్రుడు ధ్వంసం చేసిన కథ అది.

అదే దక్షయజ్ఞం కథను పోతన జీవితంలో రెండోసారి చెప్పాల్సి వచ్చింది. భాగవతం నాలుగో స్కంధంలో ఆ ఘట్టం ఉంది. అప్పటికి ఆయన విష్ణుకథ చెబుతున్న కవి. అయినా శివుడి పట్ల ఒక్క మాట తగ్గించలేదు. ‘పోతన శైవం వదిలి వైష్ణవంలోకి మారాడు’ అని తేలిగ్గా రాసేసేవాళ్లు ఆ ఘట్టాన్ని, దాంతోపాటు ఆయన రాసిన ప్రతి స్కంధం చివరి గద్యను ఒకసారి చూడాలి. తన కవిత్వం పరమేశ్వరుడి కరుణ వల్ల వచ్చిందని, తాను కేసనమంత్రి కొడుకునని, తన పాండిత్యం సహజంగా అబ్బినదని ఆ గద్యలో చెప్పుకుంటాడు. కృష్ణకథ ముగిసిన ప్రతిచోటా శివుడి పేరు, తండ్రి పేరు పక్కపక్కనే ఉంటాయి. పుట్టింటి దైవాన్ని విడిచిపెట్టకుండానే ఆయన ఇంకో దైవాన్ని ఇంట్లోకి పిలుచుకున్నాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చి వేసిన బాట ఆయన ముందు ఉండనే ఉంది. పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఈనాటికీ ఒకే క్షేత్రంలో పూజలందుకుంటున్నారు.

భాగవతం రాయడానికి ప్రేరణ ఎలా వచ్చిందో పోతనే చెప్పాడు. చంద్రగ్రహణం పట్టిన ఒక పున్నమి రాత్రి పెద్దల అనుమతితో గంగకు వెళ్లి స్నానం చేశాడు. ఇసుకతిన్నె మీద కూర్చుని మహేశ్వరుణ్ణి ధ్యానిస్తూ కన్నులు అరమోడ్చి ఉండగా రాముడు కనిపించి, తన పేర భాగవతాన్ని తెలుగు చేయమన్నాడు. ధ్యానించింది శివుణ్ణి, కనిపించింది రాముడు. దీన్ని ఆయన వైరుధ్యంగా చూడలేదు, సర్దిచెప్పుకోవలసిన విషయంగానూ తలచలేదు. ఆ గంగ గోదావరేనని చాలామంది పండితుల ఊహ. గోదావరిని గౌతమీగంగ అనడం మనకు పరిపాటి కనక ఆ ఊహ సహజంగానే ఉంది. ఈ సీమవాళ్లు గ్రహణస్నానాలకూ పుష్కరాలకూ వెళ్లే కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. పోతన మునిగిన రేవు ఇదేనని నేను అనను. అలాంటి రేవుల్లో మునిగిన జనంలో ఆయన ఒకడని మాత్రం అంటాను.

కాలం ప్రశాంతమైనది కాదు. 1323లో ఓరుగల్లు కోట పడి కాకతీయ రాజ్యం పోయాక ఈ ప్రాంతం చేతులు మారుతూనే ఉంది. రేచర్ల పద్మనాయకులు రాచకొండ నుంచి ఏలారు. 1425లో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా ఓరుగల్లు మీదికి దండెత్తాడు. రాజును నమ్ముకున్న కవికి అన్నం ఎన్నాళ్లుంటుందో తెలియని రోజులవి. పోతన పేర ఉన్న భోగినీదండకంలో సింగభూపాలుడు కథానాయకుడు. ఆ తరవాత వచ్చిన భాగవతాన్ని కూడా తనకే ఇమ్మని రాజు అడిగాడని, కాదంటే గ్రంథాన్ని పాతిపెట్టించాడని, కొంత శిథిలమైందని లోకంలో కథ ఉంది. ఆ కథ మాట ఎలా ఉన్నా, పీఠికలో పోతన మాట మాత్రం సూటిగా ఉంది: అధములైన రాజులకు కృతినిచ్చి ఊళ్లూ వాహనాలూ ధనమూ పుచ్చుకుని చివరికి యముడి దెబ్బలు తినడం కంటే, లోకహితం కోసం హరికి ఇస్తానన్నాడు. భాగవతంలో అయిదో స్కంధాన్ని గంగన, ఆరో స్కంధాన్ని ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలను వెలిగందల నారయ పూరించారు. తెలుగు చేయాల్సిన మూలం సంప్రదాయం లెక్కలో 18,000 శ్లోకాలు. ఒక మనిషి జీవితకాలానికి అది చిన్న బరువు కాదు.

రాజును కాదన్నవాడు ఇల్లు ఎలా గడుపుకున్నాడు? ఇక్కడే నాగలి వస్తుంది. పోతన పేర ప్రచారంలో ఉన్న ఒక చాటుపద్యం, కావ్యకన్యను అయోగ్యుల చేతుల్లో పెట్టి తినే కూటికన్నా, ఆలుబిడ్డల కడుపు నింపుకోవడానికి సత్కవి దున్నుకుని బతికినా తప్పులేదంటుంది. చాటువును శాసనంలా నమ్మడం చరిత్రకారుడి పద్ధతి కాదు. పైగా మంత్రి, అమాత్య అన్న బిరుదులు నియోగి ఇళ్ల ఆనవాయితీ. ఆ కుటుంబం రాతకోతలు తెలిసినదని అవి చెబుతాయి. కానీ రాతకోతలు తెలిసిన ఇంట్లో సేద్యం ఉండదన్న నియమం ఏనాడూ లేదు. ఆ పద్యంలో నన్ను కట్టిపడేసేది నాగలి కూడా కాదు, ఆలుబిడ్డల ప్రస్తావన. జనం తమ కవికి పెట్టిన సాకు దేవుడు కాదు, సంసారం. పిల్లలకు అన్నం పెట్టుకోవాలి కనక దున్నుతాడు, రాజు కాళ్ల దగ్గర కూర్చోడు.

జనం చెప్పుకున్న మిగతా కథలు కూడా ఇంటి చుట్టే తిరుగుతాయి. శ్రీనాథుడు బావమరిది అంటారు. దానికి గ్రంథాల్లో ఆధారం లేదు, అయినా ఆస్థానకవి పల్లకీలో చుట్టపుచూపుగా పొలం గట్టుకు రావడం అందరికీ తెలిసిన కథే. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించబోయి పద్యం కదలక పోతన లేచి వెళ్లిపోతే, రాముడు ఆయన రూపంలోనే ఇంటికొచ్చి, తాటాకు తీసుకుని పద్యం పూర్తిచేసి వెళ్లాడట. తిరిగొచ్చిన ఇంటాయనకు ‘ఇందాక మీరే కదా వచ్చి రాశారు’ అని ఇంట్లోవాళ్లు చెప్పారట. ఇంటివాళ్లు ఏ అనుమానమూ లేకుండా లోపలికి రానిచ్చే రూపం ఇంటాయనది. పల్లె జనం దేవుడికి ఆ రూపమే ఇచ్చారు. 1943లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో చిత్తూరు నాగయ్య నటించిన ‘భక్త పోతన’ ఈ కథలను తెలుగునాడంతా తిప్పింది. అంతకు ఎంతో ముందే చిందు భాగవతులు ఊరి నడిబొడ్డున భాగవత కథలు ఆడుతూ వచ్చారు. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యదీ జనగామ జిల్లానే.

కథలను పక్కన పెట్టి గ్రంథాన్నే సాక్ష్యం అడిగితే, పదో స్కంధంలోని కుచేలుడి దగ్గరికి వెళ్లాలి. సంస్కృత మూలంలో కుచేలుడి భార్య పేదరికంతో వాడిన ముఖంతో, వణుకుతూ భర్తతో మాట్లాడుతుంది. ఆ మాటల్లో పిల్లలు లేరు. పోతన ఆ ఇంట్లోకి పిల్లల్ని తెచ్చాడు. ఆకలికి తాళలేక వాళ్లు చేతుల్లో ఆకులూ గిన్నెలూ పట్టుకుని తల్లి చుట్టూ చేరి పిడికెడు అన్నం పెట్టమంటారు. ఆ మాట ఆమె చెవులను కోసినట్టవుతుంది. అప్పుడుగాని ఆమె భర్త దగ్గరికి వెళ్లి, చిన్ననాటి స్నేహితుడు కృష్ణుణ్ణి ఒకసారి చూసి రమ్మని నోరు తెరవదు. ఖాళీ విస్తరి పట్టుకుని నిలబడ్డ పిల్లవాణ్ణి పద్యంలో పెట్టాలని సన్యాసికి తోచదు. ఇల్లు నడిపినవాడికి తోస్తుంది.

ఆ తరవాత కుచేలుడు ద్వారకకు వెళ్తాడు, కొంగున మూటగట్టిన అటుకులు ఇవ్వడానికి సిగ్గుపడతాడు, ఏమీ అడక్కుండానే తిరిగొస్తాడు. గుడిసె ఉన్నచోట మేడ కనబడుతుంది. ఇంత కృప చూశాక లోకాన్ని వదిలి అడవికి పోవచ్చు, పురాణాల్లో అలా పోయినవాళ్లు లేకపోలేదు. కుచేలుడు పోడు. వచ్చిన సంపదకు లొంగకుండా, హరిని మరవకుండా, ఇల్లాలితో కలిసి ఆ ఇంట్లోనే ఉండిపోతాడు.