నాజర్ కబురు

కాస్త ఎడంగా జరిగి కూర్చోండర్రా, భోగి మంట సెగ ఇంకా తగ్గలేదు. పిడకల దండలు అయిపోయాయిగా, ఇంక కబుర్లే. ఇందాక చిన్నాడు అడిగాడు, ‘తాతయ్యా, మీ రోజుల్లో ఫ్యాన్సు ఉండేవాళ్లా’ అని. ఎందుకుండరురా? నాగేశ్వరరావుకీ రామారావుకీ ఉన్నవాళ్ల సంగతి ఊరందరికీ తెలిసిందే. మా పటమటలో ఇంకో రకం వాళ్లం ఉండేవాళ్లం. మా పిచ్చి బుర్రకథ నాజర్ మీద.

అప్పటికి పటమట వేరే ఊరు, బెజవాడ వేరే ఊరు. మధ్యలో బందరు రోడ్డు, దాని పక్కన పొలాలు. 1943లో బొంబాయిలో ఇప్టా అని కళాకారుల సంఘం పెట్టారు. ఆ ఊపులోనే మన దగ్గర ప్రజానాట్యమండలి లేచింది. డాక్టర్ గరికపాటి రాజారావు దానికి పెద్దదిక్కు. పాటలు, నాటకాలు, వీధి భాగోతాలు, బుర్రకథలు, అన్నీ దళాలే. ఆడవాళ్ల దళం కూడా ఉండేది, మోటూరి ఉదయం వాళ్లది. ఆడపిల్ల గజ్జె కట్టి కథ చెప్పడమేమిటని మూతి విరిచిన పెద్దమనుషులే, చీకటి పడ్డాక ముందు వరసలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేవారు.

నాజర్‌ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో దూదేకుల ఇంట పుట్టాడు. శాస్త్రీయ సంగీతం నేర్చాడు, నాటకాల్లో వేషాలు కట్టాడు, ఆ తర్వాతే బుర్రకథలోకి వచ్చాడు. పక్కన వంతలుగా రామకోటి, పురుషోత్తం. ముగ్గురూ పెట్రోమాక్స్ లైటు కింద నిలబడితే కళ్లం కళ్లమంతా కిక్కురుమనేది కాదు.

కథ మొదలుపెట్టే ముందు చూడాలి అసలు వేడుక. మంచుకి వంతలు వాయించే గుమ్మెట చర్మం వదులైపోతుంది. ఇదిగో, ఇలాంటి మంటే వేసి వంతలిద్దరూ గుమ్మెటలకి సెగ చూపించేవారు. వేలితో కొట్టి చూడటం, మళ్లీ సెగ పెట్టడం. అది ఖంగుమని పలికిందాకా కదిలేవారు కాదు. అప్పుడు నాజర్ వచ్చేవాడు. తలపాగా, అంగరఖా, కాళ్లకి గజ్జెలు, భుజాన తంబురా, వేళ్లకి అందెలు. ఒక వంత రాజకీయం చెప్తాడు, ఇంకో వంత నవ్విస్తాడు, నడిమి మనిషి కథ నడుపుతాడు. ముగ్గురు కలిసి కథ చెప్పడం జంగాల నాటి పాత పద్ధతే. నాజర్ చేసిందల్లా ఆ పద్ధతిలోకి రాగాన్ని తేవడం, నటన తేవడం. పల్నాటి యుద్ధం చెప్తే బాలచంద్రుడూ తనే, కొడుకుని యుద్ధానికి పంపే తల్లీ తనే. గొంతు ఎక్కడ మారిందో చెప్పలేకపోయేవాళ్లం. బెంగాల్ కరువు కథకి మా నాయనమ్మ చెవి కమ్మలు తీసి జోలెలో వేసిందని ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత నెల రోజులు సణిగాడట, అది వేరే సంగతి.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాశారు. ఊరూరా దళాలు పుట్టి ఆడేశాయి. మీరు చూసిన సినిమా కాదురోయ్! అది తర్వాత ఎప్పుడో గౌతమ్ ఘోష్ తీసింది, ఆ కథ కిషన్ చందర్ నవలది. పేరు మాత్రం ఒకటే. 1948 వచ్చేసరికి మద్రాసు సర్కారు నాటకాన్ని నిషేధించింది, కమ్యూనిస్టుల ప్రజాశక్తి పత్రికనీ మూయించింది. దళాలు చెదిరిపోయాయి. కొందరు అజ్ఞాతంలోకి, కొందరు జైళ్లకి, కొందరు మద్రాసు రైలెక్కారు.

అప్పుడు మొదలైంది మా కబుర్ల కాలం. పత్రిక లేదు, సభ లేదు. కాకా హోటల్లో టీ గ్లాసు దగ్గర, మంగలి కొట్టులో, ఎడ్ల సంతలో గుసగుసగా అడిగేవారు పెద్దవాళ్లు: ‘నాజర్ ఎక్కడున్నాడంట?’ ఒకడు తెనాలిలో చూశానంటాడు, ఒకడు జైల్లో పెట్టారంటాడు. సగం అబద్ధాలే, అయినా నమ్మేవాళ్లం. 1953లో రాజారావు ‘పుట్టిల్లు’ సినిమా తీశాడని తెలిసింది. జమునకీ అల్లు రామలింగయ్యకీ అదే మొదటి సినిమా. అందులో నాజర్ బుర్రకథ ఉందనేసరికి బెజవాడకి బండ్లు కట్టుకెళ్లారు. మరుసటేడు ‘అగ్గిరాముడు’లో అల్లూరి కథ చెప్పాడు. ఆ కథ కోసమే టికెట్టు కొని, అది అయిపోగానే లేచి వచ్చేసిన మొండివాళ్లు మా వాళ్లలో ఉన్నారు.

మండలి వాళ్లలో సినిమాల్లో స్థిరపడినవాళ్లు చాలామంది, మిక్కిలినేని దగ్గర్నుంచీ. వాళ్లని తప్పు పట్టను, ఆకలి ఎవరికైనా ఆకలే. కానీ నాజర్ మళ్లీ పల్లె పందిరి కిందికే వచ్చాడు. తిరునాళ్లకి వచ్చాడు, సంక్రాంతికి వచ్చాడు. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు బుర్రకథ అంటే పోలీసుల్ని పంపిన సర్కారే తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికి బుర్రకథ దళాల్ని పిలిచింది. 1986లో నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చారు. ఆలస్యమే. తన బతుకుని ‘పింజారి’ పేరుతో పుస్తకంగా చెప్పుకున్నాడు, దొరికితే చదవండి. 1997లో పోయాడు.

నన్నడిగితే ఘంటసాల గొంతు ఎంత గొప్పదో నాజర్ గొంతూ అంతే. కాకపోతే దీన్ని రికార్డుల్లో కంటే కళ్లాల్లో ఎక్కువ విన్నాం, అందుకే మీ దాకా రాలేదు. తిరునాళ్లలో టేప్ రికార్డర్ మోసుకెళ్లి కథంతా పట్టుకున్నవాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. పండక్కి అటక దులిపేటప్పుడు పాత క్యాసెట్లు కనబడితే చెత్తలో వెయ్యకండి. బూజు పట్టకముందే ఫోన్లోకి ఎక్కించి తలా ఒక కాపీ పంచుకోండి.