సవరణకు తేదీ ఉండాలి: తెలుగు సినిమా వార్తల్లో తప్పుల దిద్దుబాటు

విషయ ప్రవేశం

తెలుగు ముద్రణ చరిత్రలో తప్పును ఒప్పుకోవడానికి ఒక నిర్దిష్టమైన చోటు ఉంది. పుస్తకంలో ‘తప్పొప్పుల పట్టిక’ చేర్చడం, పత్రిక తరువాతి సంచికలో ‘సవరణ’ ప్రకటించడం చిరకాలంగా వస్తున్న ఆచారాలు. అచ్చుతప్పును ‘ముద్రారాక్షసం’ అని చమత్కరించిన సంప్రదాయం ఆ రాక్షసుణ్ణి దాచలేదు. పుట సంఖ్య, పంక్తి సంఖ్యలతో సహా పాఠకుడికి చూపించింది. సినిమా వార్తలు అంతర్జాలానికి తరలిన తరువాత ఆ చోటు క్రమంగా కనుమరుగైంది. సినిమా వార్తలో తప్పు ఎలా నిలదొక్కుకుంటుంది, దాన్ని దిద్దే భారం ఎవరిమీద పడుతున్నది, దిద్దిన గుర్తు ఎక్కడ మిగులుతుంది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గేయ రచయితలు, సంభాషణల రచయితలు, నాటక సమాజాల చరిత్రకు సినిమా పత్రికలు ముఖ్యమైన ఆకరాలు. అందువల్ల ఇది పత్రికారచనకు పరిమితమైన సమస్య కాదు. సాహిత్య పరిశోధకులకూ నేరుగా సంబంధించినది.

ఒక తేదీ చరిత్ర

తెలుగు సినిమా సమాచారంలో అత్యంత దీర్ఘకాలం నిలిచిన తప్పుల్లో ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ ఒకటి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, అర్దేషిర్ ఇరానీ నిర్మాణంలో, సురభి కళాకారులతో రూపొందిన ఈ తొలి పూర్తి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు పుస్తకాలు, పత్రికలు, ప్రత్యేక సంచికలు రాశాయి. ఒక రచన నుంచి మరొక రచనకు తేదీ పాకింది. ఎన్ని చోట్ల కనిపిస్తే అంత ప్రామాణికమన్న భ్రమ కలిగింది. నిజానికి అవి పలు సాక్ష్యాలు కావు. ఒకే మాటకు పలు ప్రతులు.

పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఈ తేదీని ప్రశ్నించి, ఆనాటి ఆధారాలను వెదికారు. చిత్రానికి 1932 జనవరి 22న సెన్సార్ అనుమతి లభించిందని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో తొలిసారి విడుదలైందని తేల్చారు. సెన్సార్ అనుమతికి నాలుగు నెలల ముందే చిత్రం విడుదల కావడం అసంభవం. కనుక పాత తేదీ దానంతటదే వీగిపోయింది.

ఈ సవరణ అంత సులభంగా రుచించేది కాదు. తమిళ చలనచిత్ర చరిత్రలో తొలి టాకీగా చెప్పే ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. పాత తేదీ నిజమైతే తెలుగు టాకీ దానికి ముందుంటుంది. కొత్త తేదీ ప్రకారం వెనకబడుతుంది. భాషాభిమానానికి నచ్చే తప్పు నచ్చని నిజం కంటే ఎక్కువకాలం బతుకుతుందనడానికి ఇది నిదర్శనం. అయినా ఆధారం గెలిచింది. ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా పాటించే స్థితి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది సవరణ సాధ్యమైన తీరు. 1932 నాటి కాగితం 1932 నాటి మాటనే చెబుతూ మిగిలి ఉంది. ఎవరూ దాన్ని వెనక్కి వెళ్లి మార్చలేదు, మార్చడానికి వీలూ లేదు. దిద్దుబాటుకు పునాది మారని సాక్ష్యమే.

అచ్చులో సవరణ స్వభావం

మద్రాసు నుంచి 1966లో వెలువడటం మొదలైన ‘విజయచిత్ర’, 1976లో వచ్చిన ‘సితార’ వంటి సినిమా పత్రికల కాలంలో పాఠకుల ఉత్తరాలు, ప్రశ్నలు-జవాబుల శీర్షికలు అనధికార సవరణ వేదికలుగా కూడా ఉపయోగపడ్డాయి. అచ్చు పత్రికలన్నీ తప్పులను నిజాయితీగా ఒప్పుకున్నాయని చెప్పలేం. సవరణ లోపలి పుటలో, చిన్న అక్షరాల్లో ఉండేది. తప్పు పతాక శీర్షికలో ఉండేది. అయితే తప్పున్న సంచిక, సవరణ ఉన్న సంచిక రెండూ తేదీలతో గ్రంథాలయంలో పక్కపక్కనే మిగిలాయి. సంపాదకుడు మౌనం వహించినా సంచిక మౌనం వహించదు.

తేదీ ఉన్న పాఠం విలువను ఒక చిన్న ఉదాహరణ తేటతెల్లం చేస్తుంది. బాన్సువాడ 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో ఉంది. జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కామారెడ్డి జిల్లాలో చేరింది. ఒక పాత వార్తలో ‘నిజామాబాదు జిల్లా బాన్సువాడ’ అని ఉంటే అది తప్పు కాదు, ఆ కాలపు ఒప్పు. ఎవరైనా దాన్ని తప్పనుకొని చడీచప్పుడు లేకుండా ‘కామారెడ్డి’ అని మారిస్తే, ఆ వార్త ఎప్పటిదో చెప్పే అంతర సాక్ష్యం పోతుంది. దిద్దినట్లు గుర్తు లేని దిద్దుబాటు ఒప్పును కూడా చెరపగలదు.

‘అట’ అనే కవచం

వెబ్‌సైట్లలోని సినిమా వార్తలో తప్పు అసలు తప్పుగా నమోదు కాకుండా ముందే జాగ్రత్తపడే భాష ఒకటి రూపొందింది. తెలుగులో తాను స్వయంగా చూడని, ఇతరులవల్ల విన్న విషయాన్ని తెలపడానికి ‘అట’ ఉంది. జానపద కథకుడు ‘ఒక రాజు ఉండేవాడట’ అన్నప్పుడు అది కథకు ప్రవేశద్వారం. సినిమా వార్తలో అదే పదం బాధ్యత నుంచి బయటపడే ద్వారమైంది. ఫలానా కథానాయకుడు ఫలానా దర్శకుడికి పచ్చజెండా ఊపాడట. పారితోషికం భారీగా పెంచాడట. ‘ఫిలింనగర్ టాక్’, ‘ఇండస్ట్రీ భోగట్టా’, ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ ఈ కోవలోవే. శీర్షిక చివర ‘నిజమేనా?’ అనే ప్రశ్న చేరితే వాక్యం వాదనే కాకుండా పోతుంది. ఏమీ నొక్కి చెప్పనివాడు దేన్నీ వెనక్కి తీసుకోనక్కర లేదు.

ఈ వాక్య నిర్మాణానికి జంటగా మరొక ప్రక్రియ పుట్టింది: ‘క్లారిటీ’. వదంతి అబద్ధమని తేలిన మరునాడు, ‘పుకార్లకు చెక్’, ‘క్లారిటీ ఇచ్చిన హీరో’ అనే శీర్షికలతో కొత్త వార్త వస్తుంది. అందులో ‘గత కొంతకాలంగా పుకార్లు షికారు చేస్తున్నాయి’ అనే వాక్యం తప్పనిసరి. ఆ పుకార్లను షికారుకు పంపినవారిలో తానూ ఉన్న సైటు సైతం ఇదే వాక్యం రాయగలదు. కర్త లేని ఈ వాక్యం వల్ల తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. సవరణ మరొక వార్తగా, మరికొంత పాఠకాదరణగా మారుతుంది. తప్పు, సవరణ రెండూ లాభం చేకూర్చే చోట తప్పు జరగకుండా చూసే అవసరం బలహీనపడుతుంది.

దిద్దే భారం ఎవరిది?

ఈ వ్యవస్థలోని అమానుషత్వం మరణవార్తల్లో బయటపడుతుంది. 2023 మార్చి 21న నటుడు కోట శ్రీనివాసరావు మరణించారన్న అబద్ధం వ్యాపించింది. ఆయనే ఒక వీడియోలో కనిపించి తాను బతికే ఉన్నానని చెప్పవలసి వచ్చింది. మరునాడు ఉగాది, పండుగ ఏర్పాట్ల గురించి మాట్లాడుకుంటున్న వేళ వరుసగా ఫోన్లు వచ్చాయని, చివరకు పోలీసులు కూడా ఇంటికి వచ్చారని ఆయన వివరించారు. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులై 13న. 2023 మే తొలివారంలో హైదరాబాదులో చికిత్స పొందుతున్న నటుడు శరత్‌బాబు విషయంలోనూ ఇదే జరిగింది. ఖండన కుటుంబం నుంచి రావలసి వచ్చింది. ఆయన మే 22న మరణించారు. ఆస్పత్రిలో మనిషి ఉన్న కుటుంబం తన ఆందోళనను పక్కనపెట్టి, ఇతరుల తప్పుకు సవరణ రాయవలసిన దుఃస్థితి ఇది.

ఈ రెండు ఘటనల్లోనూ దిద్దుబాటు నష్టపోయినవారి నుంచి వచ్చింది. అచ్చు పత్రికలో సవరణ ప్రచురణకర్త కర్తవ్యం. ఇక్కడ అది బాధితుడి కర్తవ్యమైంది. 2020 మే నెలలో నటుడు విజయ్ దేవరకొండ తన సహాయనిధిపై వచ్చిన రాతలను ఖండిస్తూ వీడియో విడుదల చేసినప్పుడు చిరంజీవి, మహేష్‌బాబు తదితరులు మద్దతు పలికారు. పేరున్న నటుడి ఖండనకు అంతటి బలం దొరికింది. అభిమాన గణం లేని సహాయ నటుడికి, సాంకేతిక నిపుణుడికి, పాత గేయ రచయిత వారసులకు అలాంటి వేదిక దొరకదు.

నియమాలు, వాటి పరిమితులు

తప్పు నిర్ధారణ కాగానే తగిన ప్రాధాన్యంతో సవరణ ప్రచురించాలని, తీవ్రమైన తప్పయితే విచారం తెలపాలని భారత ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నాయి. 1978 నాటి చట్టం కింద కౌన్సిల్ పరిధి పత్రికలకు, వార్తా సంస్థలకు ఉద్దేశించినది. 2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు ఆ ప్రమాణాలను డిజిటల్ వార్తా ప్రచురణకర్తలకూ వర్తింపజేశాయి. ఫిర్యాదుల అధికారి, పదిహేను రోజుల గడువు వంటి ఏర్పాట్లు చేశాయి. భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా వీటిలోని తొమ్మిదో నియమం కింది రెండు ఉపనియమాలను బొంబాయి హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో నిలిపివేసింది. ప్రభుత్వ అజమాయిషీ ద్వారా సవరణను సాధించడంలో ఉన్న ప్రమాదాన్ని ఈ ఉత్తర్వు గుర్తుచేస్తుంది.

స్వయం నియంత్రణకు నమూనాలు లేకపోలేదు. బ్రిటన్‌లో ‘గార్డియన్’ 1997లోనూ, మన దేశంలో ‘ది హిందూ’ 2006లోనూ పాఠకుల పక్షాన ప్రత్యేక సంపాదకుణ్ణి నియమించి, సవరణలకు నిత్యం చోటు కేటాయించాయి.

పాఠపరిష్కరణ చూపే దారి

తెలుగు శాఖలకు సుపరిచితమైన పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు ఒక పాఠాన్ని స్వీకరించినప్పుడు, తోసిపుచ్చిన పాఠాన్ని అధోజ్ఞాపికలో పాఠాంతరంగా చూపుతాడు. తన నిర్ణయాన్ని భావి పరిశోధకుడు పునఃపరిశీలించే వీలు కల్పిస్తాడు. సినిమా వార్తకూ ఇంతే చాలు: ముందు ఏమి రాశారు, ఏ తేదీన మార్చారు, ఏ ఆధారంతో మార్చారు అన్న మూడు వాక్యాలు వార్త కిందనే ఉండాలి. శీర్షిక తప్పయితే గమనిక శీర్షిక కిందనే ఉండాలి. ‘అట’ అని రాసిన వార్తకు కూడా ఈ నియమం వర్తించాలి.

ముగింపు

‘భక్త ప్రహ్లాద’ తేదీని ఎనిమిది దశాబ్దాల తరువాత దిద్దగలగడానికి కారణం ఆనాటి ఆధారాలు చెక్కుచెదరకుండా మిగలడమే. నేటి సినిమా వార్త అదే చిరునామాలో రోజుకొక రూపం ధరిస్తూ, పాత రూపపు ఆనవాలును మిగల్చకపోతే, ఎనభై ఏళ్ల తరువాతి పరిశోధకుడికి తప్పూ దొరకదు, దాన్ని ఖండించే సాక్ష్యమూ దొరకదు. సినిమా సాహిత్యంపై పనిచేసేవారు వెబ్ ఆకరాలను ఉదాహరించేటప్పుడు చూసిన తేదీని నమోదు చేయడం, ప్రతిని భద్రపరచడం పరిశోధన క్రమశిక్షణలో భాగం కావాలి. సంపాదకులు సవరణకు తేదీ వేయడం మొదలుపెట్టేవరకు ఆ పని పరిశోధకులదే.