చివరి జట్టుకు మొదటి పిలుపు

వృత్తి క్రీడల లీగ్‌లో ప్రతి సీజన్‌కూ రెండు ముగింపులు ఉంటాయి. ఒకటి ప్లేఆఫ్స్. పాయింట్ల పట్టికలో పైన నిలిచిన జట్లు తలపడి విజేతను తేల్చుకునే దశ అది. ఆ హడావిడి సద్దుమణిగాక జరిగే ఆటగాళ్ల పంపకం రెండోది. అమెరికా బాస్కెట్‌బాల్‌లో దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన దేశంలో ఆ పని వేలం చేస్తోంది. ప్లేఆఫ్స్ బలవంతులను పైకి తెస్తే, పంపకం బలహీనులకు చేయూతనిస్తుంది. ఏటా ఒకే జట్టు గెలిచే పోటీని జనం ఎక్కువ కాలం చూడరు కాబట్టి లీగ్ నిలవాలంటే రెండూ కావాలి. ఈ ఏర్పాటు ఎంతవరకు పనిచేస్తుందో హైదరాబాద్ జట్ల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. అట్టడుగున నిలిచి ఏడాదిలోనే కప్పు కొట్టిన జట్టు ఈ నగరానిదే. కోట్లు పోసి కూడా అట్టడుగునే మిగిలిన జట్టూ ఈ నగరానిదే.

పంపకం లేని రోజులు

1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఐదుసార్లు గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు దక్కింది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన హయాంలోనే. ఆటగాళ్లు నగరంలోని మైదానాల్లో తయారయ్యేవాళ్లు. పోలీసు శాఖలో ఉద్యోగం వారికి జీవనాధారం.

అయితే డబ్బు, జనం, పేరు కలకత్తాలో ఉండేవి. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పెలే సభ్యుడిగా ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో తలపడిన మోహన్ బగాన్ జట్టులోనూ ఉన్నాడు. హైదరాబాద్ తీర్చిదిద్దిన ఆటగాళ్లతో కలకత్తా క్లబ్బులు ట్రోఫీలు గెలిచాయి. వారి వలసను ఆపే నిబంధన లేదు. నష్టపోయిన జట్టుకు బదులుగా కొత్త ప్రతిభను అందించే ఏర్పాటూ లేదు. 1963లో రహీం మరణించాక నగర ఫుట్‌బాల్ క్రమంగా వెనకబడింది.

డ్రాఫ్ట్ పుట్టుక

ఇదే చిక్కు అమెరికాలో ముందే ఎదురైంది. 1930లలో అక్కడి వృత్తి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో కళాశాలల నుంచి బయటికొచ్చే మంచి ఆటగాళ్లందరినీ మూడు నాలుగు సంపన్న జట్లే ఎగరేసుకుపోయేవి. ఎప్పుడూ కిందే ఉండే ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బర్ట్ బెల్ 1935లో ఒక ప్రతిపాదన చేశాడు. కొత్త ఆటగాళ్లందరి పేర్లూ ఒక జాబితాలో పెట్టాలి. గత సీజన్‌లో చివర నిలిచిన జట్టు ముందు ఎంచుకోవాలి. విజేత వంతు చివర రావాలి. 1936 ఫిబ్రవరిలో తొలి డ్రాఫ్ట్ జరిగింది.

బాస్కెట్‌బాల్‌లో ఈ పద్ధతి 1947లో వచ్చింది. 1946లో ఏర్పడిన బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1949లో మరో లీగ్‌తో కలిసి ఎన్‌బీఏ అయింది. రెండు ఆటల్లోనూ తొలి డ్రాఫ్ట్‌లో మొదట పిలిచిన పేరు వృథాగానే పోయింది. ఫుట్‌బాల్‌లో జే బెర్వాంగర్, బాస్కెట్‌బాల్‌లో క్లిఫ్టన్ మెక్‌నీలీ ఆ లీగ్‌లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

తొలి దశకాల్లో ఎన్‌బీఏ స్థానికతకూ చోటిచ్చింది. తమ ప్రాంతంలోని కళాశాల ఆటగాణ్ని, మొదటి రౌండ్ అవకాశం వదులుకుని, నేరుగా తీసుకునే హక్కు జట్లకు ఉండేది. సొంత ఊరి ఆటగాడుంటే గ్యాలరీలు నిండుతాయన్నది లెక్క. 1959లో ఫిలడెల్ఫియా వారియర్స్ విల్ట్ చాంబర్లేన్‌ను అలాగే దక్కించుకుంది. 1966 నుంచి ఆ హక్కు రద్దయి, రెండు విభాగాల అట్టడుగు జట్ల మధ్య నాణెం ఎగరేసి మొదటి అవకాశం ఎవరిదో తేల్చడం మొదలైంది.

చివరివాడికి బహుమతి దొరికితే కావాలని చివరికి జారేవాళ్లూ తయారవుతారు. 1984 నాటికి కొన్ని జట్లు ఉద్దేశపూర్వకంగా ఓడిపోతున్నాయన్న ఆరోపణలు బలపడ్డాయి. విరుగుడుగా 1985లో లాటరీ వచ్చింది. ప్లేఆఫ్స్ చేరని ఏడు జట్ల పేర్లున్న కవర్లలోంచి తీస్తే న్యూయార్క్ నిక్స్‌కు తొలి అవకాశం దక్కింది. ఆ జట్టు పాట్రిక్ యూయింగ్‌ను తీసుకుంది. 1990లో కింది జట్లకు ఎక్కువ అవకాశం ఉండేలా లాటరీని సవరించారు. 1993లో 66 బంతుల్లో ఒక్కటే తనదైన ఒర్లాండో మ్యాజిక్ గెలవడంతో మళ్లీ మార్చారు. ఆ కొత్త పద్ధతిలో 14 బంతుల్లో నాలుగింటిని తీస్తారు. వచ్చే 1,001 కలయికల్లో 1,000 జట్ల మధ్య పంచుతారు. 2019లో చివరి మూడు జట్లకూ సమానంగా 14 శాతం అవకాశమే ఇచ్చారు. కావాలని ఓడటం వల్ల లాభం తగ్గించడమే ఈ మార్పు ఉద్దేశం. 2025లో 1.8 శాతం అవకాశమున్న డల్లాస్ మావెరిక్స్‌కు మొదటి పిలుపు దక్కింది.

జోస్యాల గెలుపోటములు

డ్రాఫ్ట్‌కు ముందు అమెరికా పత్రికలు, టీవీ చానళ్లు ఎవరిని ఎవరు తీసుకుంటారో ఊహాజాబితాలు ప్రకటిస్తాయి. ఆటగాళ్ల ఎత్తు, చాచిన చేతుల వెడల్పు, ఎగిరే సామర్థ్యం, పరుగు వేగం అధికారిక శిబిరంలో కొలుస్తారు. అంత కొలిచినా అంచనాలు తప్పుతాయి. 1984లో హ్యూస్టన్ మొదట హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండో వంతులో పోర్ట్‌లాండ్ శామ్ బోవీని ఎంచుకుంది. మూడో వంతు వచ్చిన షికాగోకు మైకేల్ జోర్డాన్ దొరికాడు. 2014లో 41వ పేరుగా పిలిచిన నికోలా జోకిచ్ తర్వాత మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2023లో డెన్వర్‌కు టైటిల్ అందించాడు.

భారత్‌లోనూ అలాంటి ఉదంతం ఉంది. 2008 మార్చిలో క్రికెట్ లీగ్ ఐపీఎల్ అండర్-19 ఆటగాళ్లను వేలంలో కాకుండా డ్రాఫ్ట్ పద్ధతిలో పంచింది. మొదటి అవకాశం దక్కిన ఢిల్లీ జట్టు ఎడమచేతి పేసర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను ఎంచుకుంది. అదే నగరానికి చెందిన, అప్పుడే అండర్-19 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ విరాట్ కోహ్లీ 30 వేల డాలర్లకు బెంగళూరుకు వెళ్లాడు.

వేలం లెక్క వేరు

డ్రాఫ్ట్‌లో సమానత్వం వంతుల వరసలో ఉంటే, వేలంలో అది పర్సులో ఉంటుంది. ఎవరైనా ఎంతైనా పాడవచ్చు, కానీ అందరి చేతిలో ఉన్న మొత్తానికి ఒకటే పరిమితి. చివరి జట్టుకు ముందు వరస అంటూ ఉండదు. తెలివిగా ఖర్చు పెట్టినవాడిదే లాభం.

2008 ఫిబ్రవరి 20న ముంబయిలో జరిగిన తొలి ఐపీఎల్ వేలంలో ఒక్కో జట్టుకు 50 లక్షల డాలర్ల పరిమితి ఉంది. వేలం లేకుండా సొంత ఊరి జట్టుకే కేటాయించిన ఐకాన్ ఆటగాడికి జట్టులో అత్యధిక ధర కంటే 15 శాతం ఎక్కువ చెల్లించాలి. వి.వి.ఎస్.లక్ష్మణ్ ఆ హోదాను వదులుకోవడంతో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌కు పాడటానికి డబ్బు మిగిలింది. ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆ వేలంలో అంతకంటే ఎక్కువ పలికింది ధోని ఒక్కడే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది, రోహిత్ శర్మ, ఆర్.పి.సింగ్ కూడా వచ్చారు. కాగితం మీద అంత బలమైన జట్టు ఆ ఏడాది 14 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది.

ప్లేఆఫ్స్ మెట్లు

ఎన్‌బీఏలో 82 మ్యాచ్‌ల సీజన్ తర్వాత 30 జట్లలో 16 ప్లేఆఫ్స్‌కు చేరతాయి. ప్రతి రౌండ్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే పైచేయి. కప్పు దక్కాలంటే నాలుగు రౌండ్లలో మొత్తం 16 విజయాలు కావాలి. అంత పొడవైన సిరీస్‌లలో అదృష్టం పాత్ర తగ్గి, బలం బయటపడుతుంది. ఒక విభాగంలో ఆరో స్థానం నుంచి వచ్చి కప్పు గెలిచిన జట్టు 1995 నాటి హ్యూస్టన్ ఒక్కటే.

ఐపీఎల్‌లో రౌండ్‌కు ఒకే మ్యాచ్. 2010 దాకా నాలుగు జట్లతో సెమీఫైనల్స్ ఆడించారు. ఆస్ట్రేలియాలో 1931లో విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన పేజ్ పద్ధతి 2011 నుంచి ఇక్కడ అమలవుతోంది. మొదటి రెండు స్థానాల జట్లు క్వాలిఫయర్-1లో తలపడతాయి. ఓడినవాళ్లకు మరో అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాలవాళ్లు ఎలిమినేటర్‌లో ఓడితే ఇంటికే. మూడో స్థానం నుంచి కప్పు కొట్టాలంటే వరసగా మూడు మ్యాచ్‌లు గెలవాలి. అది మొదట సాధించింది సన్‌రైజర్స్ హైదరాబాద్. 2016లో కోల్‌కతాను, గుజరాత్ లయన్స్‌ను దాటి, మే 29న బెంగళూరును వారి సొంత మైదానంలోనే 8 పరుగుల తేడాతో ఓడించింది. డేవిడ్ వార్నర్ ఆ సీజన్‌లో 848 పరుగులు చేశాడు. భువనేశ్వర్ కుమార్ 23 వికెట్లు తీశాడు.

అట్టడుగు నుంచి

డెక్కన్ చార్జర్స్ 2009లో ఎదిగిన తీరు లీగ్ చరిత్రలోనే అరుదు. సార్వత్రిక ఎన్నికల వల్ల పోటీలు దక్షిణాఫ్రికాకు తరలాయి. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లీమన్ కోచ్. ఏడు గెలుపులు, ఏడు ఓటములతో జట్టు నాలుగో స్థానంలో సెమీస్ చేరింది. ఢిల్లీపై గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు బాదాడు. మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరుపై 6 పరుగులతో గెలిచి కప్పు తెచ్చింది. ఏడాది ముందు వేలంలో కొన్న గిబ్స్ ఫైనల్లో అర్ధసెంచరీ చేశాడు. ఆర్.పి.సింగ్ 23 వికెట్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. 2008 వేలం జాబితా తప్పు కాదనీ, దాన్ని నడిపిన తీరు మారిందనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి మలుపులు మరికొన్ని ఉన్నాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఆఖరి స్థానంలో నిలిచింది. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి టైటిల్ గెలిచింది. సన్‌రైజర్స్ 2023లో పదో స్థానంలో ఉంది. ఆ డిసెంబరు వేలంలో పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొని కెప్టెన్‌ను చేసింది. 2024లో ఫైనల్ చేరి కోల్‌కతా చేతిలో ఓడింది.

ఇందుకు భిన్నమైన కథ నగర కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్‌ది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో ఈ జట్టు 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, 2023లో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టింది. ఆయా ఏళ్లలో అవే అత్యధిక ధరలు. అయినా 8, 9, 10 సీజన్లలో వరసగా అట్టడుగునే నిలిచింది. పదో సీజన్‌లో 22 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. కబడ్డీలో కూతకు వెళ్లేది ఒక్కడైనా, పట్టుకోవడానికి ఏడుగురూ కావాలి. పర్సులో పెద్ద వాటా ఒక్క రైడర్‌కే పోతే డిఫెన్స్‌కు మిగిలేది తక్కువ. 2025లో పవన్ లేకుండా, భరత్ హుడా, విజయ్ మలిక్ వంటివారితో కూర్చిన జట్టు ప్లేఆఫ్స్‌లో క్వాలిఫయర్-2 దాకా వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది.

ఊరి ఆటగాడు, ఊరి జట్టు

ఎన్‌బీఏ 1966లో వదిలేసిన స్థానిక హక్కు ప్రశ్న వేలం పద్ధతిలో హైదరాబాద్ పాతబస్తీకీ ఎదురైంది. లాల్‌దర్వాజా నుంచి దక్షిణంగా వెళ్తే ఫలక్‌నుమా దాటాక వచ్చే చాంద్రాయణగుట్టలో తిలక్ వర్మ పెరిగాడు. తండ్రి ఎలక్ట్రీషియన్. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతుండగా కోచ్ సలాం బయాష్ కంటపడ్డాడు. నగరం రెండో కొసన లింగంపల్లిలో ఉన్న అకాడమీకి రోజూ సుమారు 40 కిలోమీటర్లు కోచ్ బండి మీద వెళ్లి నేర్చుకున్నాడు. 2022 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల కనీస ధరతో పేరు వచ్చింది. ముంబయి ఇండియన్స్ 1.7 కోట్లకు తీసుకుంది. తొలి సీజన్‌లోనే 397 పరుగులు చేశాడు. 2025 ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్‌పై 69 పరుగులతో అజేయంగా నిలిచి భారత్‌ను గెలిపించాడు. హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు అతను ఆడేది సన్‌రైజర్స్‌కు ప్రత్యర్థిగా. వేలంలో ప్రతిభకు మంచి ధర పలికినా, ఆటగాడికీ ఊరికీ మధ్య ముడి నిలవదు. డ్రాఫ్ట్‌లోనూ అంతే. ఆటగాడు తన జట్టును ఎంచుకోడు.

బాస్కెట్‌బాల్ మాటేమిటి

భారత్‌లో బాస్కెట్‌బాల్ వైఎంసీఏల ద్వారా వ్యాపించింది. తొలి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో, జాతీయ సమాఖ్య 1950లో మొదలయ్యాయి. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పురుషుల జట్టు ఆడింది. కానీ దశాబ్దాలుగా ఆటగాళ్లకు జీవనాధారం రైల్వేలు, సైన్యం, ఓఎన్‌జీసీ, బ్యాంకుల ఉద్యోగాలే. 2015లో మొదలైన యూబీఏ ప్రో లీగ్‌లో హైదరాబాద్ స్కై పేరుతో ఒక జట్టు ఆడింది. 2017 తర్వాత ఆ లీగ్ సాగలేదు. అదే 2015లో పంజాబ్ రాష్ట్రం బల్లోకే గ్రామానికి చెందిన ఏడడుగుల సత్నామ్ సింగ్‌ను డల్లాస్ మావెరిక్స్ 52వ పేరుగా పిలిచింది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. ఆ స్థాయికి చేరడానికి అతను టీనేజీలోనే ఫ్లోరిడా అకాడమీకి వెళ్లాల్సి వచ్చింది. ఎన్‌బీఏలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

డ్రాఫ్ట్‌కైనా వేలానికైనా ముందుగా మూడు కావాలి: ఏటా జరుగుతుందని నమ్మకమున్న లీగ్, కొత్త ఆటగాళ్లను అందించే కళాశాలలు లేదా అకాడమీలు, అన్ని జట్లూ ఒప్పుకున్న ఖర్చు పరిమితి. అమెరికా కళాశాల పోటీలు ఎన్‌బీఏకు, రంజీ, అండర్-19 వ్యవస్థలు ఐపీఎల్‌కు ఈ సరఫరా అందిస్తున్నాయి. కబడ్డీకి పల్లె మైదానాలు, శాఖల జట్లు ఉన్నాయి. భారత బాస్కెట్‌బాల్‌లో ఇంకా కుదరనిది మొదటిదే: ఏటా నిలకడగా జరిగే లీగ్.